లాండ్రీ గది వెనక అయిదు నిమిషాలు

నలభై ఆరేళ్ల ఆ నర్సుని సర్జికల్ వార్డులో అందరూ పెద్దక్క అనేవారు. నలభై మంచాలకి షిఫ్టుకి ఇద్దరే నర్సులు. బాత్రూంకి వెళ్లే తీరిక ఉండదని ఆమె డ్యూటీలో మంచినీళ్లు కూడా తాగేది కాదు.

సిగరెట్టు పదేళ్ల కిందట అలవాటైంది. ఒకరోజు కాళ్లు పీకి, కాసేపు కూర్చుంటానంటే ఇన్‌చార్జి సిస్టరు కసిరింది. ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ మాత్రం దమ్ము కొట్టడానికి పూటకి నాలుగుసార్లు పోయేవాడు. అతన్ని అడిగినవాళ్లు లేరు. మర్నాడు పెద్దక్క కూడా అతని వెనకే లాండ్రీ గది వెనక్కి నడిచింది. మొదటి దమ్ముకే పొలమారి కళ్ల నీళ్లొచ్చాయి. అయినా అయిదు నిమిషాలు ఎవరూ పిలవలేదు.

పోనుపోను రోజుకి ఎనిమిదయ్యాయి. ఆ వాసనకి కూతురు ఆమె దగ్గర కూర్చోవడం మానేసింది.

"మానెయ్యమని రోగులకి చెప్పేది నువ్వే కదమ్మా?"

"చెప్తాను. చెప్పి, వెనక్కెళ్లి కాలుస్తాను. ఏం చెయ్యమంటావు?"

ఒక మధ్యాహ్నం రెండో నర్సు సెలవు. పెద్దక్క ఒక మంచం దగ్గర కట్టు కడుతుంటే, వార్డు చివర మంచం మీద రోగికి రక్తం ఆగకుండా పోయింది. ఆమె పరుగెత్తి వెళ్లేసరికే పరిస్థితి చెయ్యి దాటింది. పోయిన మనిషి తమ్ముడు ఆమెని చెంప మీద కొట్టాడు. శవాన్ని శుభ్రం చేసి అప్పగించాక ఆమె వెళ్లి సిగరెట్టు వెలిగించింది. అప్పుడే సూపరింటెండెంట్ చూశాడు. పక్కనే కాలుస్తున్న టెక్నీషియన్ని ఏమీ అనలేదు. ఆమెకి మాత్రం, నర్సుల పరువు తీసిందని మెమో ఇచ్చాడు.

ఆమె సంజాయిషీ రాసింది: "కాల్చాను. ఆ రోజు నలభై మందికీ నేనొక్కదాన్నే. ఇంకొకరిని పంపమని మీ ఆఫీసుకి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎవరూ రాలేదు. మనిషి పోయాడు. దీనికి మెమో ఎవరికిస్తారు?"

సూపరింటెండెంట్ ఆ కాగితం వెనక్కి తోశాడు. "ఇది చింపేసి, తప్పయిందని ఒక్క ముక్క రాసివ్వమ్మా. ఇక్కడితో వదిలేద్దాం."

"సిగరెట్టు సంగతి నేను రాస్తాను సార్. మిగతాది మీరు రాయండి."

వారం తిరక్కుండా ఆమెని ఓపీకి మార్చారు. శిక్ష అన్నారు. అక్కడ మధ్యాహ్నం ముప్పావుగంట భోజనానికి వదులుతారు. మూడు నెలల్లో ఎనిమిది కాస్తా రెండయ్యాయి.

"భేష్, మనసు గట్టి చేసుకున్నావు," అన్నాడు ఓపీ డాక్టరు.

ఆమెకి ఒళ్లు మండింది. "మనసూ లేదు, మట్టీ లేదు డాక్టరుగారూ. వేళకి ఇంత అన్నం తింటున్నాను. పైన సర్జికల్ వార్డులో ఇప్పటికీ ఇద్దరే. వెళ్లి వాళ్లకి చెప్పండి, మనసు గట్టి చేసుకోమని."

ఆయన తన గదిలోకి వెళ్లిపోయాడు. ఆ రెండు సిగరెట్లూ ఆమె ఇంకా మానలేదు.