నీళ్లు తాగే ఇంజన్

మా అన్నా నేనూ పూడిపోయిన బోర్లలోకి గాలి కొట్టి మట్టి తీసే పని చేస్తాం. ట్రాక్టర్ ట్రాలీలో కంప్రెసర్, దాన్ని తిప్పడానికి ఓ డీజిల్ ఇంజన్, అంతే మా సరంజామా. పాతది గాలితో చల్లబడే రకం. ఎండాకాలంలో ఒక బోరు పూర్తయ్యేలోపే బిగుసుకుపోయేది. ఈసారి రేడియేటర్ ఉన్న నీళ్ల ఇంజనే కావాలనుకున్నాం. ట్రాలీలో ఇమిడేంత చిన్నదై ఉండాలి, కంప్రెసర్‌ను గుక్క తిప్పుకోకుండా లాగాలి. కళ్యాణదుర్గంలో కొత్తదొకటి చూసి కొలతలు తెచ్చుకున్నాం. అంతలో బెళుగుప్ప దగ్గర అలాంటిదే, వాడినది, అమ్మకానికి ఉందని తెలిసింది.

చలికాలం పొద్దు. ఊరి బయట రేకుల షెడ్డు. ఇంజన్ యజమాని చనిపోయాడు. ఆయన భార్య తాళం తీసింది. గోనెపట్టా తొలగించి, ఆయిల్ కారుతోందేమోనని ఇంజన్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది, అప్పుడే పని చేసి ఆగినట్టు.

"ఇప్పుడే స్టార్ట్ చేసినారా అక్కా?"

"లేదప్పా. ఆయప్ప పోయినంక ఎవరూ ముట్టలేదు. నీళ్లు పోసేకి దినామూ నేనే తాళం తీస్తాండా."

ఆమె చెంబుతో రేడియేటర్లో నీళ్లు పోసింది. నిండలేదు. ఇంకో చెంబు పోసింది. వంగి కింద చూశాను. నేల మీద దుమ్ము పొడిపొడిగా అలాగే ఉంది.

ఆయన ఎలా పోయాడని అన్న అడిగితే ఆమె మామూలుగా చెప్పుకొచ్చింది. నడి ఎండలో, ఒక చేనులో, రేడియేటర్ ఆవిర్లు కక్కిందట. చుట్టుపక్కల నీళ్లు లేవు. తాగడానికి తెచ్చుకున్న క్యాను నీళ్లన్నీ ఆయన అందులోనే పోశాడట. అన్నానికి పోయిన రైతు తిరిగొచ్చేసరికి ఆయన గట్టు మీద పడి ఉన్నాడు. ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంది.

"దప్పికతో పోయినాడు," అంది ఆమె. "దీనికైనా దప్పిక ఉండకూడదు గదా."

అన్న మా బ్యాటరీ తగిలించాడు. తాళంచెవి తిప్పగానే అందుకుంది. నల్లపొగ లేదు, వణుకు లేదు. చాలాసేపు నడిపాం. వేడి చూపే ముల్లు లేవనే లేదు. ముల్లు చెడిపోయిందనుకుని ఇంజన్‌ను మళ్లీ తాకాను. నీళ్ల కడవలా చల్లగా ఉంది. సైగ చేస్తే అన్నా చెయ్యి పెట్టాడు, కాలినట్టు వెంటనే తీసేశాడు. ఇంజన్ ఆపి, గోనెపట్టా తనే కప్పి, ఇంట్లో మాట్లాడుకుని మళ్లీ వస్తామన్నాడు.

"అందరూ అట్లే అంటారప్పా," అంటూ ఆమె చెంబు అందుకుంది. "ఇంతసేపు తిరిగినాది. నీళ్లు అడుగుతాది."

దారిలో అన్న ఒక్క మాటే అడిగాడు. "నీ చేతికీ సల్లగానే తగిలినాదా?"

తగిలిందన్నాను.

కళ్యాణదుర్గంలో చూసిన కొత్తదే తెచ్చుకున్నాం. అన్ని ఇంజన్లలాగే అదీ వేడెక్కుతుంది. ఆ వేడి చేతికి తగిలితే నాకు ధైర్యంగా ఉంటుంది. ముల్లు పైకి లేస్తే అన్న పని ఆపేస్తాడు. రైతు ఎంత తొందరపెట్టినా ట్రాలీ నీడలో కూర్చుని, ముందు తను నీళ్లు తాగుతాడు.