అద్దం మీద బొట్టు

మా అమ్మాయికి కుడిచెవి వినపడదు. ఆరేళ్లప్పుడు గవదబిళ్లలు వచ్చాయి. అవి తగ్గుతూ తగ్గుతూ ఆ చెవిని పట్టుకుపోయాయి. ఎడమచెవి మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వంటింట్లో చేగోడీల డబ్బా మూత తీస్తే వీధి గుమ్మంలోంచి "ఏటమ్మా అది?" అంటుంది. చిక్కల్లా ఏమిటంటే, చప్పుడు వినిపిస్తుంది గాని అది ఏ వైపు నుంచి వస్తున్నదో తెలియదు. అన్నీ ఎడమ పక్క నుంచే వచ్చినట్టు ఉంటాయట. ఒకసారి చీపురుపల్లి బజారులో వెనక కుడివైపు నుంచి ఒక బండివాడు హారన్ కొడితే, తప్పుకుందామని కుడికే జరిగింది. జడ పట్టుకుని ఇటు లాగాను. ఆ జడ చేతికి అందకపోయుంటే ఏమయ్యేదో ఆలోచించను. ఆలోచిస్తే అన్నం దిగదు.

అలాంటి పిల్ల తొమ్మిదో తరగతిలోకి రాగానే బడికి సైకిల్ మీద వెళ్తానంది.

"ఆటో ఉన్నాది గదా, ఏటొచ్చింది నీకు?" అన్నాను.

"ఆటోలో పాటలెట్టేస్తాడమ్మా. ఆ గోలలో పిల్లలు ఏటి సెప్పుకుంతన్నారో నాకు ఇనపడదు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఎందుకు నవ్వుతన్నానో నాకే తెలీదు."

మాది కిరాణా కొట్టు. ఆ పూట కందిపప్పు అడిగినావిడకి శనగపప్పు పొట్లం కట్టి ఇచ్చాను.

మా ఆయన "సైకిలే గదే, కొనీద్దాం" అనేశాడు. ఆయనకేం, నిశ్చింత మనిషి, నెత్తిన పిడుగు పడినా తుడుచుకుని టీ తాగుతాడు. బడికి వెళ్లే దారిలో రైల్వే గేటు ఉంది. గేటు దాటితే గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు. ఆ లారీలు నా కలలోకే వస్తాయి, ఆయన కలలోకి ఒక్కటీ రాదు.

ఆదివారం ముగ్గురం విజయనగరం వెళ్లాం. సైకిళ్ల షాపులో పిల్ల తిన్నగా గేర్ల సైకిల్ దగ్గరికి పోయింది. లావు టైర్లు, కిందకి వంగిన హ్యాండిల్, మడ్‌గార్డు అన్నది లేదు. క్లాసులో అందరికీ అదేనట. నాకు మాత్రం ఓ మూల నిలబడ్డ నల్ల సైకిల్ మీద కన్ను పడింది. ఎత్తయిన సీటు, పైకి లేచి మన చేతుల దగ్గరికి వచ్చే హ్యాండిల్, చైనంతా కప్పేసిన రేకు, వెనక చక్రంలో చున్నీ పడకుండా వల, ముందు బుట్ట. మధ్యలో అడ్డకడ్డీ లేదు.

"డచ్ మోడలమ్మా. హాలెండులో పిల్లలు, ముసలోళ్లు అందరూ ఇదే తొక్కుతారంట" అన్నాడు షాపతను.

"అందుకే ముసలమ్మలాగున్నాది" అంది మా పిల్ల.

నాకు ఒళ్లు మండింది. అయినా రెండు సైకిళ్లూ షాపు పక్క సందులోకి తీయించాను. "నువ్వు తొక్కుకుంటూ ముందుకెళ్లు. నేను ఎనక నిల్చుని సేతి ఏళ్లు సూపిస్తాను. తల తిప్పి ఎన్నేళ్లో సెప్పు" అన్నాను. షాపతను మా ఆయన మొహం చూశాడు. మా ఆయన సందు చివర బోర్డు చదువుతున్నాడు.

గేర్ల సైకిల్ మీద పిల్ల ముందుకి వంగిపోయి ఉంది. వెనక్కి చూడాలంటే నడుం దాకా తిరగాలి. నడుం తిరిగితే హ్యాండిల్ తిరిగింది, సైకిల్ వెళ్లి ఆగివున్న ఆటోని గుద్దింది. దించి రెండోది ఎక్కించాను. నల్ల సైకిల్ మీద నిటారుగా కూర్చుంది. తల ఒక్కటే తిప్పి "మూడూ!" అని అరిచింది. సైకిల్ గీత గీసినట్టు తిన్నగా పోయింది.

తిరిగొచ్చాక కాసేపు దాని సీటు నిమురుతూ నిలబడింది. "ఇదే కొందాం. అయితే ఒక మాట. నేనొక్కర్తినే ఎల్తాను. ఎనక ఎవరూ రాకూడదు."

"సర్లే" అన్నాను. కుడి హ్యాండిల్‌కి గుండ్రటి అద్దం కూడా పెట్టించాను.

ఇంటికి తెచ్చి పూజ చేశాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. పసుపు రాసి హ్యాండిల్‌కి, సీటుకి, బెల్లుకి, బుట్టకి బొట్లు పెట్టాను. భయం ఎక్కువై అద్దం నడిమధ్యన కూడా ఓ పెద్ద బొట్టు పెట్టాను.

"అద్దం మీదెందుకమ్మా, ఏటీ కనబడదు!"

"తుడిసేవంటే సూడు! అమ్మవారు సూసుకుంతాది" అన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సోమవారం పిల్ల బయలుదేరింది. నేను కొట్టు మా ఆయనకి వదిలేసి, హెల్మెట్ పెట్టుకుని, స్కూటీ మీద వెనకే బయలుదేరాను. మాట ఇచ్చానా? ఇచ్చాను. అయితే ఏమిటి, తల్లిని. రైల్వే గేటు పడితే ఆటో చాటున నక్కాను. గేటు తీశాక దూరం ఉంచుకుంటూ వెళ్లాను. పిల్ల నిటారుగా, బుద్ధిగా, రోడ్డు ఎడమ అంచున పోతోంది. అప్పుడే నా వెనక గ్రానైట్ లారీ వచ్చింది. వాడు నన్ను దాటి పిల్ల మీదకి పోతున్నాడనుకున్నాను. బటన్ మీద బొటనవేలు పెట్టి తియ్యకుండా హారన్ నొక్కేశాను.

సైకిల్ ఊగింది. ముందు చక్రం తారు దిగి కంకరలోకి జారింది. పిల్ల రెండు కాళ్లూ కింద ఆనించి నిలదొక్కుకుంది. లారీ మాత్రం తన దారిన తాను, బోలెడంత చోటు వదిలి, పోయింది.

స్కూటీ పడేసినట్టే ఆపి పరుగెత్తాను. దెబ్బ తగిలిందా అని కాళ్లూ చేతులూ తడిమాను. అది ఏడవలేదు, అరవలేదు. అరిచినా బాగుండేది.

"గేటు కాడినుంచీ నువ్వే కనబడతన్నావు. బొట్టు సుట్టూ నీ హెల్మెట్టే. నువ్వెనకుంటే నేను నిన్నే సూస్తానమ్మా. లారీని సూడను."

ఇన్నాళ్లూ నేను లారీలకి భయపడ్డాను. ఈ రోడ్డు మీద పిల్లకి అడ్డం నేనే. చీర కొంగు తీసి అద్దం మీది బొట్టు తుడిచేశాను. తల్లీ తప్పు కాయి అని అమ్మవారిని తలుచుకుంటూనే, మరక పోయేదాకా రుద్దాను. తర్వాత స్కూటీ తిప్పుకుని ఇంటికొచ్చేశాను. తిప్పుకోవడం తేలికని ఎవరైనా అంటే వాళ్లకి పిల్లలు లేరన్నమాట.

మర్నాడు పిల్ల బయలుదేరితే కొట్టు మెట్టు మీదే నిలబడ్డాను. "జాగ్రత్త" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అటు తిరిగిపోతున్న పిల్లకి, ఆ చెవికి, అరిచి ఏం లాభం? చెయ్యెత్తాను. అద్దంలో నేను కనబడ్డానో లేదో తెలియదు. ఇంతలో ఇటుకల లారీ ఒకటి మా ఇద్దరి మధ్యకి వచ్చింది. సైకిల్ లేదు, జడ లేదు, లారీ ఒక్కటే ఉంది. కాళ్లు వాటంతటవే ఒక మెట్టు దిగాయి.

"ఏటే, ఎక్కడికి?" అన్నాడు మా ఆయన గల్లా దగ్గరి నుంచి.

"ఉండండీ!" అని కసిరాను.

లారీ అవతల నుంచి రెండుసార్లు సైకిల్ బెల్లు మోగింది. నా రెండు చెవులూ బాగానే పనిచేస్తాయి. కుడివైపు, రైల్వే గేటుకి వెళ్లే పక్కనుంచి. మెట్టెక్కి లోపలికి వచ్చి, ఉల్లిపాయలు అడుగుతున్న మనిషికి ఉల్లిపాయలే తూచాను.