చుక్కల అర్థం చెప్పిన దేవసహాయం మాస్టారు

దేవసహాయం మాస్టారు ప్రభువునందు నిద్రించారని గజపతినగరం నుంచి మా తమ్ముడు ఫోను చేసినప్పుడు, నేను కొత్తవలసలో మా బడి పిల్లలకు హాజరు వేస్తున్నాను. తర్వాతి పేరు పిలవకుండానే హాజరు పుస్తకం మూసేశాను. ఎనభై దాటిన వయస్సు, ఏడాదిగా అనారోగ్యం; ఏదో ఒకనాడు వినవలసిన వార్తే. అయినా హృదయం అంగీకరించలేదు. మొన్న క్రిస్మస్ ఆరాధనకు పొందూరు పంచె కట్టుకుని ముందు వరుసలో కూర్చున్న ఆ ప్రసన్నవదనమే కళ్ల ముందు నిలిచింది.

వృత్తిరీత్యా ఆయన లెక్కల ఉపాధ్యాయులు. నలభై ఏళ్లపాటు మా చర్చిలో ఆదివారపు బడి నడిపారు. లేఖనాలలో ఆయనకు అత్యంత ప్రీతిపాత్రమైన విషయం నక్షత్రాలు. సంతానం లేని అబ్రాహామును దేవుడు బయటికి పిలిచి చుక్కలు లెక్కపెట్టమన్న ఘట్టం చెబుతూ, "లెక్కల మేస్టార్ని, నావల్లే అవ్వనేదర్రా!" అని నవ్వించేవారు. మరుక్షణం గంభీరులై, అది మనిషి లెక్కకు అందని వాగ్దానానికి సంకేతమనీ, అన్ని చుక్కలనూ పేరు పెట్టి పిలిచేవాడికి మన పేర్లు గుర్తుండకపోవనీ వివరించేవారు.

ఒక డిసెంబరులో తెల్లవారుజామున మమ్మల్ని పదిమందినీ పొలాల వైపు తీసుకెళ్లి వేగుచుక్కను చూపించారు. క్రీస్తు తనను తాను వేకువచుక్కగా ఎందుకు చెప్పుకున్నాడని అడిగారు. ఎద్దులను తోలుకుపోతున్న ఒక రైతును ఆపి, "బావా, ఆ సుక్కని సూస్తే నీకేటి తెలుస్తాది?" అన్నారు.

"ఏటుంది బావా, ఇంకా సీకటే గానీ తెల్లారిపోతాదని తెలుస్తాది. బండి కట్టుకోవాల."

"ఇన్నారా? ఈయాళ పాఠం అయిపోనాది," అని మమ్మల్ని ఇళ్లకు పంపేశారు.

ఆ బోధ నా జీవితానికే ఆధారమవుతుందని అప్పుడు తెలియదు. మా రైతు కుటుంబం తాతగారి కాలంలోనే క్రైస్తవ విశ్వాసం స్వీకరించినా, నాయనమ్మ పంచాంగం చూపించడం మానలేదు. నేను మూలా నక్షత్రంలో పుట్టానన్న సంగతి అలా నలుగురికీ తెలిసింది. కొత్తవలసలోని ఒక విశ్వాసుల కుటుంబంతో నాకు సంబంధం కుదిరి, ప్రధానానికి రోజు కూడా నిశ్చయించాక, ఆ మాట వారి చెవిన పడింది. అబ్బాయి తల్లి పెళ్లి వద్దని కబురు పంపారు. మూడు రోజులు నేను గది దాటి రాలేదు. నాన్న ఎవరి ముందూ తల ఎత్తలేదు.

మాస్టారు వచ్చి ప్రసంగమేమీ చేయలేదు. "ఏడవకే అమ్మా. సుక్క దారి సూపిస్తాది గానీ తలరాత రాయదు," అన్నారు. మర్నాడు ఒక్కరే రైలెక్కి కొత్తవలస వెళ్లారు. సాయంత్రం తిరిగొచ్చి, "పెళ్లిబట్టలు కొనుక్కోండి," అన్నారు. అక్కడ ఏం జరిగిందో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

మొన్న ఆయన భూస్థాపన ముగించుకుని రైలులో తిరిగి వస్తుండగా మా అత్తగారు ఆ సంగతి చెప్పారు.

"నాను మొండికేసినానే. మీ మావకి గుండె బాగోదు. మూలా నచ్చత్రం కోడలొస్తే మావ దక్కడంటారు, బయ్యమేసింది. మేస్టారు, సుక్కని సూసి బాల పెబువుకి మొక్కడానికొచ్చిన తూర్పు జ్ఞానుల సంగతి సెప్పినారు. ఆ సుక్క పెబువుకి పని సేసింది గానీ ఆయన మీద పెత్తనం సెయ్యనేదన్నారు. అయినా నాను ఇననేదు." అత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. "అప్పుడాయన, 'సెల్లెమ్మా, నాకు తొలుత ఆడపిల్ల పుట్టింది. నచ్చత్రం మంచిది కాదన్నారు. పాఠాలు సెప్పే నానే ఆ మాట నమ్మినాను. పిల్లకి జొరమొస్తే, ఇలాగే రాసుందని కూకున్నాను. రెండ్రోజులు ఆలస్యంగా ఆసుపత్రికి తీసికెళ్లినాను. పిల్ల దక్కనేదు. తప్పు సుక్కది కాదు, నాది. నువ్వు నాలాగ సెయ్యకు,' అని నా ముందరే ఏడిసేసినారు. ఇంకేటంటాను?"

ఇన్నేళ్లూ నేను విన్న ఆ ఆర్ద్రమైన బోధ కేవలం పాండిత్యం వల్ల వచ్చింది కాదని అప్పుడు తెలిసింది. నా కోసం పరాయి ఇంట కూర్చుని తన గాయాన్ని విప్పి చూపిన ఆ కరుణామూర్తి, ఒక్కనాడైనా ఆ ఉపకారాన్ని నాకు గుర్తుచేయలేదు. మా మావగారు ఇప్పటికీ రోజూ స్టేషను దాకా నడిచివెళ్లి పేపరు తెచ్చుకుంటున్నారు. ఎంత వద్దన్నా వినక, మాస్టారి శవపేటికకు ఆయన కూడా భుజం పట్టారు.

అటువంటి గురువు ఒక్కరే ఉంటారు. నాకు దొరికారు, ఆ భాగ్యానికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను.

ఇక్కడి చర్చిలో ఇప్పుడు పిల్లల తరగతి నాది. జవాబు తెలియని ప్రశ్న వస్తే "వచ్చే వారం చెబుతాను" అని, ఇంటికొచ్చి మాస్టారిని ఫోనులో అడగడం నా అలవాటు. నిన్న ఆదివారం ఒక పాప లేచి, "టీచరుగారూ, జ్ఞానులు ఇంటికి తిరిగెళ్లినప్పుడు ఆ సుక్క మళ్లీ కనిపించిందా?" అని అడిగింది. వారు వేరొక దారిన వెళ్లారని లేఖనంలో ఉంది. చుక్క మాట లేదు. వచ్చే వారం చెబుతానన్నాను. ఇంటికి వచ్చి మాస్టారి నంబరు నొక్కాను. అటు నుంచి ఆయన భార్య "ఎవురమ్మా?" అన్నాక గాని నాకు గుర్తు రాలేదు.