సత్రం మిద్దె మీద అడుగు

నా చిన్నప్పుడు పుంగనూరులో జమీందారుల నాటి సత్రం ఒకటుండేది. మూడు పక్కలా రాతి స్తంభాల వసారా, మధ్యలో చావడి, పైన సున్నపు మిద్దె. ఊళ్లో ఎవరికి దారి చెప్పాలన్నా దాని గుర్తే చెప్పేవారు. మా అవ్వ సంతకు వెళ్లినప్పుడల్లా నన్ను ఆ మిద్దె ఎక్కించేది. అక్కడ ఒక మూల దుమ్ము కొంగుతో తుడిచి, కాసేపు కూర్చునేది.

అవ్వ వయసులో ఉండగా ఆ మిద్దెను మళ్లీ వేశారట. టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి పేర్చి, సున్నం పరిచి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ ఆడవాళ్లు రోజుల తరబడి చెక్కలతో కొట్టారు. అవ్వ కూడా కొట్టింది. చివర్లో నునుపు చేసిన తడి సున్నం మీద, అప్పుడే నడక నేర్చిన ఆమె పెద్దకూతురు ఒక అడుగు వేసింది. లక్ష్మి అడుగు, ఉండనీ అని మేస్త్రి చెరపలేదట. ఆ వానాకాలంలోనే ఆ బిడ్డ జ్వరంతో పోయింది. ఫోటో కూడా లేదు. ఒకసారి నేను ఆటగా ఆ అడుగు గుర్తులో కాలు పెట్టబోతే అవ్వ నన్ను విసురుగా లాగేసింది.

తొంభైల మొదట్లో, గోడలు నెర్రెలిచ్చాయని సత్రాన్ని పడగొట్టసాగారు. అవ్వ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, పని చేయిస్తున్న కుర్ర మేస్త్రిని బతిమాలింది.

"ఆ అడుగు మటుకు ఊడదీసి ఇయ్యి నాయనా. ఇంగేమీ అడగను."

"సూస్తానమ్మా. శానా గట్టిగా ఉండాది" అన్నాడతను.

గడ్డపార పక్కన పెట్టి ఉలి పట్టాడు. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవకుండా చుట్టూ గాడి చెక్కాడు. చివరి దెబ్బకు అడుగు నడిమికి విరిగింది. మడమ ఒక ముక్కగా వచ్చింది. వేళ్లు నాలుగు ముక్కలయ్యాయి.

అతను తలెత్తలేదు. నాకు ఒళ్లు మండి, తిట్టడానికి నోరు తెరిచాను. అవ్వ నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. రెండో చెయ్యి అతని వీపు మీద వేసింది.

"నీ తప్పేం లేదు నాయనా. మేమే అంత గట్టిగా కొట్టినాం. పొద్దన్నించి ఏమీ తిన్లేదు, పోయి అన్నం తిను."

ముక్కలన్నీ కొంగులో మూటగట్టుకుంది. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక ఏడ్చింది. అలాంటి ఏడుపు నేను మళ్లీ వినలేదు.

అవ్వ పోయినప్పుడు ఆ వేళ్ల ముక్కలు ఆమె గుండెల మీద పెట్టి పూడ్చాం. మడమ నా దగ్గరుంది. ఎవరి చేతిలోనైనా నాదేదైనా విరిగితే ఈ వయసులోనూ తిట్టడానికి నోరు తెరుస్తాను. అవ్వ పట్టు చేతికి తెలుస్తుంది. అన్నం తిన్నావా అని అడుగుతాను.