పత్తిగింజల గదిలో వ్యాకుల మాత

కాలం చేసిన మా ఆయన ఫోటోకి ఫ్రేము కట్టించడానికి పోయిన నెల రాజపాళయం బజారుకు వెళ్ళినప్పుడు, చుట్టూ రంగు బల్బులు మిణుకుమనే పటాల్లో నవ్వుతున్న క్రైస్తవుల మాతలను చూసి, ఏం బుద్ధి పుట్టిందో, చనిపోయిన కొడుకును ఒళ్ళో పెట్టుకున్న వ్యాకుల మాత పటం ఉందా అని అడిగాను. "అది ఇంటికని ఎవురూ అడిగేది లేదవ్వా, నవ్వే మాతే దా అమ్ముడుపోతాది" అన్నాడు కొట్టతను.

మాది పెరుమాళ్ళను కొలిచే ఇల్లు. నా చిన్నతనంలో మా అన్న విషజ్వరంతో పోయాడు. కర్మ అయిన మర్నాటి నుంచీ మా ఇంట్లో ఏడుపుకు చోటు లేకుండా పోయింది. పొద్దున పొయ్యి రాజేసే వేళ కూడదు, మధ్యాహ్నం మగవాళ్ళు భోంచేసే వేళ కూడదు, ఇక సాయంత్రం సంగతి నా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు. "దీపం పెట్టే పొద్దులో ఏడిస్తే ఇల్లు విళంగదు, చెడిపోతాది" అని నాయనమ్మ కసిరేది. అమ్మకు దుఃఖం పొంగేది సరిగ్గా అప్పుడే, అన్న ఆటలు ముగించుకుని ఇల్లు చేరే వేళ అదే మరి. కొంగు నోట్లో కుక్కుకుని దీపం వెలిగించేది. తిండి మానేసి పుల్లలా అయిపోయింది. అమ్మ కూడా పోతుందని నాకు భయం పట్టుకుంది.

పక్కింట్లో మిల్లు పనికి పోయే అత్త ఉండేది, వేదక్కారులు, అంటే మా వైపు మాటలో క్రైస్తవులు. వాళ్ళ ముందు గదిలో ఉండేది ఆ వ్యాకుల మాత పటం. ఒక సాయంత్రం ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దాని ముందు కూర్చోబెట్టి, "ఇక్కడ ఏడువు వదినా, ఈమె కూడా పిల్లోణ్ణి పోగొట్టుకున్నది దానే" అన్నది. అప్పటి నుంచి అమ్మ రోజూ అక్కడ కరువుతీరా ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి దీపం పెట్టి, నాకు అన్నం కలిపి తానూ తినేది.

అత్త వాళ్ళు ఊరు వదిలిపోతూ ఆ పటాన్ని అమ్మకే ఇచ్చి వెళ్ళారు. "పీనుగు పటాన్ని ఎవురైనా ఇంట్లో మాట్టుతారా?" అని నాయనమ్మ మండిపడింది. పెళ్ళానికీ తల్లికీ మధ్య నలిగిన నాన్న, పెరట్లో ఎద్దులకు పెట్టే పత్తిగింజల గదిలో మేకు కొట్టి తగిలించాడు. అమ్మ ఏడుపు అక్కడికి మారింది.

ఒకనాడు అమ్మ వంటింట్లో ఉండగానే ఆ గదిలోంచి ఏడుపు వినబడింది. తొంగి చూస్తే నాయనమ్మ. పటం ముందు చతికిలబడి, మేమెన్నడూ వినని పిల్లల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తోంది. అమ్మ వెనకే వచ్చి నన్ను లాగి, చప్పుడు కాకుండా తలుపు చేరవేసింది. ఆ సంగతి వాళ్ళిద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు, వంతులు మాత్రం వేసుకున్నారు. నాన్న ఎక్కడ ఏడ్చేవాడో నాకు తెలియదు.

ఆ ఇల్లు పోయింది, పటాన్ని చెదలు తినేశాయి. ఏడవడానికి ఒక గోడంటూ ఉన్న ఆ ఆడవాళ్ళను తలుచుకుంటే నాకిప్పుడు అసూయగా ఉంటుంది. ఈ రోజుల్లో దీపం వేళ ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో ఎవరికీ పట్టదు, ఇల్లు చెడుతుందని కసిరేవాళ్ళూ లేరు. మా అబ్బాయి మంచివాడు, నా కళ్ళు తడిస్తే చాలు, పక్కన కూర్చుని టీవీ పెడతాడు. "ఏడవొద్దమ్మా, ప్రెషరు ఎక్కిపోతాది" అంటాడు. నేను కళ్ళు తుడుచుకుని సీరియల్ చూస్తాను.