ఎడమచేతి విల్లు

మొన్న మా చుట్టాల పెళ్లిలో అక్షింతలు వెయ్యడానికి మండపం ఎక్కాను. పక్కనున్న ఒక పెద్దావిడ, నాకన్నా నాలుగేళ్లు చిన్నదే అయి ఉంటుంది, చటుక్కున నా మణికట్టు పట్టుకుని, ఎడమ గుప్పిట్లో ఉన్న బియ్యాన్ని నా కుడి చేతిలోకి ఒంపేసింది. కోప్పడలేదు. చొక్కా గుండీ ఊడితే పెట్టినంత మామూలుగా చేసేసి, ఇక కానివ్వమన్నట్టు చూసింది. అరవై దాటిన మనిషిని, చేసేదేముంది, కుడి చేత్తోనే వేశాను. కిందికి దిగి కుర్చీలో కూలబడ్డాక మాత్రం లోపల కుతకుతలాడిపోయాను. విస్తట్లో బగారన్నం చల్లారిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది బహ్రెయిన్, మీనా సల్మాన్ రేవులో గోదాము వెనకాల పెరడు, అక్కడ నేను ఎంచుకున్న నా మొదటి విల్లు.

నాది పుట్టుకతోనే పుర్రచేతివాటం. అన్నం తినేటప్పుడు మా నాయిన నా ఎడమ చేతిని తువ్వాలతో నడుముకు కట్టేవాడు. బళ్లో పంతులుగారి బెత్తానికీ ఆ చెయ్యే ముద్దు. అలా పెరిగి, తొంభైల మొదట్లో మా అక్క మొగుడు వీసా పంపిస్తే బహ్రెయిన్ వెళ్లాను. మా ఊళ్లో మాత్రం నేను దుబాయి పోయినవాణ్ణే. బహ్రెయిన్ అని చెప్పినా, అది దుబాయిలో ఎక్కడుంటుంది అని అడిగేవాళ్లు. మా బావ అప్పటికే అక్కడ కఫీల్‌గారి, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, గోదాములో ఫోర్‌మన్. నేను దిగిన రోజు ఆయన నాకు చెప్పిన మొదటి పాఠం డ్యూటీ గురించి కాదు, చెయ్యి గురించి. ఈ అరబ్బులకి ఎడమ చెయ్యంటే మనకన్నా పట్టింపు ఎక్కువ, ఛాయ్ గానీ తాళంచెవి గానీ ఆ చేత్తో ఇచ్చావంటే ఇద్దరం సామాన్ సర్దుకోవాల్సిందే అన్నాడు. సరే అన్నాను. నాలుగేళ్లు కుడి చేత్తోనే బతికాను. కుడి చేత్తో సుత్తి దెబ్బలు వేసి ఎడమ బొటనవేలు ఎన్నిసార్లు చితక్కొట్టుకున్నానో ఆ వేలి గోరు ఇప్పటికీ చెబుతుంది.

కఫీల్‌గారి ఇల్లు బుసైతీన్‌లో. అందరం ఆయన్ని అర్బాబ్, అంటే దొర, అనేవాళ్లం. మనిషి మంచివాడే గానీ వేట పిచ్చి. ఏటా చలికాలం రాగానే ఆఫ్రికాలో ఏదో అడవికి వెళ్లి నెల్లాళ్లు ఉండి వచ్చేవాడు. తుపాకీ మోతకి ఒక చెవి దెబ్బతిని, ఇక మోత లేని వేటే అని పట్టుబట్టి, ఆ ఏడాది విల్లు మీద పడ్డాడు. పురాణాల్లో విల్లు కాదు. రెండు కొసలా రెండు చక్రాలు, వాటి మీదుగా తిరిగే తీగలు, దాన్ని కాంపౌండ్ బో అంటారు. అడవిలో ఒక్కడే కాపు కాయడం ఆయనకి విసుగు. అందుకని బావనో నన్నో ఒకణ్ణి తోడు తీసుకెళతాననీ, వాడికీ ఒక విల్లు ఇప్పిస్తాననీ అన్నాడు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. అడవి పక్క ఊరివాణ్ణి. ఎండుటాకుల మీద నడిస్తే వచ్చే చప్పుడు విని నాలుగేళ్లయింది. ఎటు చూసినా ఇనుము, సిమెంటు, ఉప్పుగాలి. నాకు జంతువుని కొట్టాలని లేదు, చెట్ల కింద నెల్లాళ్లు నడవాలి, అంతే.

విళ్లు అమ్మే తెల్లాయన ఒక సాయంత్రం నాలుగు పెట్టెలు గోదాముకి తెచ్చి, బల్ల మీద పరిచాడు. వాటిలో నల్లగా నిగనిగలాడేది మా బావ కంటపడింది. లాగడానికి అన్నిటికన్నా బరువైనది అదే. మగాడు పట్టాల్సింది ఇదేనని దాన్ని పట్టుకుని, ఆకాశం వైపు ఎత్తి, మూలిగి, మొహం జేవురించాక ఎలాగో లాగాడు. తెల్లాయన తల అడ్డంగా ఊపాడు. అలా పైకెత్తి లాగాల్సి వస్తోందంటే అది నీ విల్లు కాదు, కుర్చీలో కూర్చుని, చెయ్యి తిన్నగా చాచి, తొందర లేకుండా లాగగలిగిందే నీది అన్నాడు. సగం దూరం లాగేదాకే కష్టం, చక్రాలు తిరిగాక బరువు దిగిపోతుంది, అప్పుడు నింపాదిగా గురి చూడొచ్చు అని చూపించాడు. బాణం పెట్టకుండా తీగ వదిలితే మాత్రం విల్లు ముక్కలవుతుందని రెండుసార్లు హెచ్చరించాడు. తరవాత కళ్లకి పరీక్ష పెట్టాడు. రెండు అరచేతులూ చాచి, మధ్యలో చిన్న సందు వదిలి, ఆ సందులోంచి గోడ గడియారం చూడమన్నాడు. కుడి కన్ను మూసినా గడియారం నాకు కనిపిస్తూనే ఉంది. ఎడమ కన్ను మూస్తే మాయం. నీ గురి ఎడమ కంటిది, నువ్వు తీగ లాగాల్సింది ఎడమ చేత్తో, దానికి విల్లే వేరు అన్నాడు. మా బావని కూడా చూడమంటే, ఇవన్నీ పిల్లలాటలని కొట్టిపారేశాడు.

అలాంటి విల్లు నాలుగో పెట్టెలో ఒక్కటే ఉంది. ఎవరో తెప్పించుకుని వద్దన్నదట. ఆకుపచ్చ రంగు అక్కడక్కడా వెలిసింది, బరువులో అన్నిటికన్నా తేలిక. కుడి చేత్తో పిడి పట్టి ఎడమ చేత్తో లాగాను. ఆ లాగడం ఎలా ఉందో ఏం చెప్పను! బిగుసుకుపోయిన తలుపు తనంతట తనే తెరుచుకున్నట్టయింది. నాలుగేళ్ల తరవాత ఒళ్లు నాదనిపించింది. ఇంతలో బావ చెవి దగ్గరికి వచ్చాడు.

"ఒరేయ్, అర్బాబ్ ముంగట నా ఇజ్జత్ తియ్యకు. అది కిందవెట్టి కుడి చేతిది వట్టు."

అర్బాబ్ కూడా మొహం చిట్లించాడు. కుడి చేత్తో నేర్చుకోవడానికి నీకేం రోగం అన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. మామూలుగా అయితే దించేసేవాణ్ణి. పుట్టినప్పటినించీ దించుతూనే ఉన్నాను కదా. ఆ రోజు మాత్రం నాకు ఒళ్లు మండింది. ఈ చెయ్యి ఎవరి సొమ్ము తిన్నదని? నా గోదాము హిందీలో అర్బాబ్‌తో అన్న మాటలు మన భాషలో ఇవే.

"ఛాయ్ కుడి చేత్తోనే ఇస్త అర్బాబ్. బాణం మాత్రం దీంతోనే ఏస్త. వద్దంటె మా బావనే తీస్కపోండ్రి."

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకూ భయమే, అబద్ధం ఎందుకు, కానీ విల్లు మాత్రం దించలేదు. అర్బాబ్ నన్నూ ఆ చేతినీ మార్చి మార్చి చూశాడు. చివరికి, ఆ రెండు విళ్లూ ఉంచమని తెల్లాయనకి చెప్పి, వచ్చే శుక్రవారం ఇద్దరూ వెయ్యండి, ఎవరి బాణాలు బస్తాలో దిగితే వాడు నాతో వస్తాడు, ఖలాస్ అని లేచిపోయాడు. మేముండే క్యాంపులో ఆ వారమంతా బావ నాతో మాట్లాడలేదు. వండిన కూర నాకు ఉంచేవాడు గానీ గిన్నె గోడవైపు తిరిగి జరిపేవాడు.

శుక్రవారం పెరట్లో పాతగుడ్డలు కుక్కిన గోనెబస్తా నిలబెట్టారు. ముందు బావ. ఆ నల్ల విల్లే. మొదటి బాణం బస్తాకి ఎడమపక్కన రేకు గోడకి తగిలి ఖంగుమంది. రెండోదీ ఎడమకే, మూడోదీ ఎడమకే. నిన్న డ్యూటీలో బరువులు మోశానని ఏదో సణిగాడు. తరవాత నేను. ఏం పెద్ద విలుకాణ్ణి కాను, నా మొదటిదీ తప్పింది. మిగతా రెండూ ధబ్బు ధబ్బుమని బస్తాలో దిగబడ్డాయి. అర్బాబ్ గట్టిగా నవ్వి, యల్లా, పద, అడవిలో రాత్రులు చలి, కోటు కొనుక్కో అని నా భుజం తట్టి వెళ్లిపోయాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నా ఎడమ చేతికి జీవితంలో మొదటిసారి ఎవరో దెబ్బ కాకుండా అడవి ఇచ్చారు.

బావ బస్తా దగ్గరికి వెళ్లి, దిగిన బాణాలని వేలితో తడుముతూ నిలబడ్డాడు. తిడతాడనుకుని గట్టి జవాబు సిద్ధం చేసుకున్నాను. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, ఎడమ ముంజేతి మీద అరంగుళం వెడల్పున నున్నగా మెరుస్తున్న మచ్చ చూపించాడు. అది నేను ఎప్పుడూ వెల్డింగు మచ్చే అనుకున్నాను.

"నాది గూడ ఎడమ చెయ్యేరా. చిన్నప్పుడు మా అవ్వ గంటె గాల్చి వాతవెట్టింది. ఇసుంటి విల్లు గప్పుడు నాకు ఎవ్వడు సూపియ్యలే."

ఆయన గురీ ఎడమ కంటిదే, బాణాలు మూడూ అందుకే ఎడమకి పోయాయని అప్పుడు తెలిసింది. నా విల్లు తీసుకెళ్లి ఆయన కుడి చేతిలో పెట్టాను. ఇప్పుడెందుకురా అంటూనే పట్టుకున్నాడు. తెల్లాయన నా కొలతకి బిగించింది, బావకి కాస్త పొట్టి. అయినా ఎవరూ చెప్పకుండానే ఎడమ చేతి వేళ్లు తీగ మీద ఎక్కడ ఉండాలో అక్కడికే వెళ్లాయి. ఆకాశం వైపు ఎత్తలేదు, మూలగలేదు. తిన్నగా లాగి, చక్రాలు తిరిగి బరువు దిగాక, బస్తా వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు. బాణం లేదు కనుక వదల్లేదు. చాలాసేపు పట్టుకుని, మెల్లగా వెనక్కి దించాడు. అప్పటికి ఆయనకి యాభై నిండాయి. అన్నేళ్లూ కలిసి మా బావ జుట్టు నెరిపాయి, నడుము వంచాయి, కానీ ఆ ఎడమ చేతిని మాత్రం కుడి చెయ్యి చెయ్యలేకపోయాయి.