ప్లేస్‌మెంట్ అంటే

ఆఫీసులో ఎవరైనా లామినేషన్ చేస్తుంటే, ఆ వేడి ప్లాస్టిక్ వాసనకు నేనిప్పటికీ లేచి బయటికి వెళ్లిపోతాను.

మాంచెస్టర్‌లో, నా పదో ఏట, వేసవి సెలవుల్లో లెక్కల కోర్సు చేశాను. వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేసే అమ్మ ఆ సర్టిఫికెట్‌ను లామినేట్ చేయించి, బడి తెరవగానే నన్ను వెంటబెట్టుకుని టీచర్ దగ్గరికి బయల్దేరింది.

"ఇది చూపించి నీకు పై గ్రూపులో ప్లేస్‌మెంట్ అడుగుదాం," అంది బస్సులో.

ప్లేస్‌మెంట్ అంటే ఇల్లు వదిలి వెళ్లడమే అనుకున్నాను. మా ఫ్లాట్‌లో అద్దెకుండే నర్సింగ్ స్టూడెంట్ సునీత ఆంటీ ఆసుపత్రి ట్రైనింగ్‌కు ప్లేస్‌మెంట్ అని చెప్పే సూట్‌కేస్ సర్దుకుని వేరే ఊరు వెళ్లింది. నెలలైనా తిరిగి రాలేదు.

"డూ ఐ హావ్ టు గో, మమ్మీ?"

"భయమెందుకు నాన్నా? చిన్న టెస్ట్ పెడతారు. పాసైతే పంపిస్తారు."

పంపిస్తారు! టీచర్ ఇచ్చిన కాగితంలో ప్రతి జవాబూ నాకు తెలుసు. కావాలనే అన్నీ తప్పులే రాశాను.

టీచర్ దిద్ది చూసి, పక్క గదిలోని గ్రూపుకు ఇప్పుడే మార్చలేమని మెల్లగా చెప్పింది. వేరే ఊరు కాదు, పక్క గదా! నాకు ఏడుపొచ్చింది. మార్కులు తక్కువొచ్చాయని ఏడుస్తున్నాననుకుంది అమ్మ.

"ఊరుకో తల్లీ. డ్యూటీలంటూ తిరిగి నిన్ను పట్టించుకోలేదు. తప్పు నాదే."

నిజం చెప్పడానికి భయమేసింది. ఆ వారం నుంచి అమ్మ డ్యూటీ దిగి వచ్చి, యూనిఫామ్ కూడా మార్చకుండా, నాకు వచ్చిన లెక్కలే మళ్లీ నేర్పేది. నేను రానట్టే కూర్చుని నేర్చుకునేదాన్ని.